బోనులో చెల్లేది కెప్టెన్ మాట

కిందటి వారం మా ఆయన్ని ఒంటికాలి మీద నిలబెట్టేసి నేను వెళ్లిపోయానని కొందరు ఎడిటరు గారికి ఘాటుగా ఉత్తరాలు రాశారట. నన్నేం చేయమంటారు? ఆ ఎడిటరు గారిచ్చే పేజీలు అన్నే. పోనీండి, ఇప్పుడు ఆ కాలు కింద పెట్టిద్దాం రండి.

పంతొమ్మిది వందల పన్నెండు, జనవరి ఒకటో తారీకు, మధ్యాహ్నం. పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లో మా కెల్లర్‌టన్. గనులకు సెలవు. క్రొగన్ హాల్లో ఎనిమిది వందల మంది కూర్చోవడానికి చోటు లేక గోడలకు అతుక్కుని ఉన్నారు. మధ్యలో పదకొండు అడుగుల ఎత్తు ఇనుప వల, దానికో తలుపు. దాన్ని మేం బోను అనేవాళ్లం. బోను లోపల మావాళ్లు ఐదుగురు, ఓక్‌ఫోర్డ్ వాళ్లు ఐదుగురు. మూడాటల పోటీలో మొదటిది మేం గెలిచాం. ఇది కూడా గెలిస్తే ఈ ఏడు లీగు జెండా మాదే. ఓడితే మూడో ఆట ఆడాలి. సగం ఆట అయ్యేసరికి మాకు పదకొండు, వాళ్లకు తొమ్మిది. ఈల పడబోతుండగా వాళ్ల కెప్టెన్ హెల్‌మన్ మా అదోమాస్‌ని భుజంతో గుద్ది వల మీదికి విసిరాడు. మోకాలికి నేను కుట్టిన దూది కట్టు తీగకు తగులుకుని చిరిగింది, కింద చర్మమూ చిరిగింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ బయటికి వచ్చాడు. అక్కడ ఆపాను.

నేను అదోమాస్ రిమ్కుస్ పెళ్లాన్ని, బార్బోరాని. ముందు భాగాలు చదవనివాళ్లకు ఒక్క మాట. మా లిథువేనియా వాళ్ల పిల్లలందరిలాగే అదోమాస్ తొమ్మిదో ఏట బొగ్గులో రాళ్లేరే పనికి వెళ్లాడు. పదమూడో ఏట గనిలోకి దిగాడు. ఇరవై నాలుగో ఏట పైకొచ్చాడు, అదీ బంతి పట్టుకుని. బాస్కెట్ బాల్ ఆడితే జీతమిస్తారంటే మా వీధిలో ఒక్కళ్లూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. కానీ ఇచ్చారు. రెండేళ్లుగా మా ఇంట్లో ఆ గని దగ్గు వినపడలేదు. ఆట పోతే మళ్లీ ఆ గుంటలోకే దిగాలి. దిగినవాడు ఎన్నేళ్లకు ఎలా తేలతాడో మా వీధిలో ఏ విధవరాలిని అడిగినా చెబుతుంది.

మా జట్టు బట్టలు మార్చుకునేది హాలు వెనక వంటింట్లో. ఆడవాళ్లు లోపలికి రాకూడదని తలుపు మీద రాసి ఉంది. సూదీ దారం పట్టుకుని లోపలికి వెళ్లాను. కట్టు చిరిగితే ఎవరు కుడతారు, ఆ రాసినవాడా?

అదోమాస్ బంగాళదుంపల బస్తా మీద కూర్చున్నాడు. మిగతా ముగ్గురు పెరట్లో చలిగాలికి నిలబడ్డారు. కెప్టెన్ ఓవెన్ ప్రాసర్ మాత్రం పొయ్యి దగ్గర మోకాళ్లు కాచుకుంటున్నాడు. ముప్పై ఐదేళ్లవాడు, వేల్సు మనిషి, మంచివాడేనని అప్పటిదాకా నా నమ్మకం. రక్తం తుడవడానికి గుడ్డ దొరుకుతుందేమోనని పిండి పీపా వెనక చెయ్యి పెట్టాను. గుడ్డ దొరకలేదు, కాగితాల కట్ట దొరికింది. ఇంకా రంగు వాసన పోని గోడపత్రాలు.

'మూడో ఆట! తాడోపేడో! వచ్చే శనివారం! ఆట తర్వాత డ్యాన్సు!'

రెండోసారి చదివాను. రెండో ఆట ఇంకా సగమే అయింది. గెలుస్తున్నది మేము. మరి మూడో ఆట ఎక్కణ్నుంచి వచ్చింది?

"అదోమాస్, ఇదేంటో చూడు," అని మా భాషలో అని ఒక కాగితం వాడి ఒళ్లో పడేశాను. వాడు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే క్రొగన్ వచ్చాడు. హాలు ఆయనదే, జట్టు ఆయనదే, లీగు కమిటీలో కుర్చీ కూడా ఆయనదే. నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ఈవిడెందుకు ఇక్కడ?"

"కట్టు కుడుతోంది," అన్నాడు అదోమాస్.

"సర్లే, వీళ్ల ఆడాళ్లకి మన ఇంగ్లీషు ఎక్కడ అర్థమై చచ్చింది," అని నన్ను ఆ దుంపల బస్తాతో సమానంగా చూసి పక్కకి జరిగాడు. నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కించాను. పెళ్లికి ముందు నాలుగేళ్లు గని డాక్టరు గారింట్లో పనిచేశాను. డాక్టరు గారి భార్య పొద్దస్తమానం నన్ను తిట్టేది. తిట్లు అర్థం కావాలంటే భాష రాకుండా కుదురుతుందా?

"చూడు రిమ్కుస్," అన్నాడు క్రొగన్, గొంతు తేనెలా చేసుకుని. "మొదటి సగంలో నీకు ఐదు ఫౌళ్లు వచ్చాయి. ఐదూ వేశావు. శభాష్. ఇక చాలు."

అప్పట్లో ఫౌల్ ఎవరి మీద జరిగినా గీత మీద నిలబడి ఆ ఒక్క పాయింటు వేసేది జట్టుకు ఒక్కడే. మా జట్టులో ఆ ఒక్కడు అదోమాస్. మోకాళ్ల మధ్య నుంచి రెండు చేతులతో బంతిని అలా పైకి వదిలితే బుట్టలో దిగాల్సిందే. ఇంటి వెనక గోడకు మేకుల పీపా ఇనుప పట్టీ బుట్టలా కొట్టుకుని, మంచులో కూడా, రోజుకు మూడు వందలసార్లు వేసేవాడు.

"చాలంటే?" అన్నాడు అదోమాస్.

"చాలంటే చాలు. రెండో సగంలో నీ గురి కాస్త తప్పుతుంది. మోకాలికి దెబ్బ తగిలింది కదా, ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చే శనివారం ఇదే హాల్లో వాళ్లని చితక్కొట్టు, జెండా తీసుకో. జనానికి మూడో ఆట దొరుకుతుంది, హాలు నిండుతుంది. అందరికీ మంచిదే."

"ఓక్‌ఫోర్డ్ వాళ్లకి తెలుసా ఇది?"

"వాళ్లకెందుకు? వాళ్లు గెలవాలనే ఆడతారు. మనం కాస్త సాయం చేస్తాం."

అదోమాస్ ఒళ్లో ఉన్న గోడపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. "మిస్టర్ క్రొగన్, నేను తప్పను."

"ఏమిటీ?"

"తప్పడం నాకు చేతకాదు. నేర్చుకున్నది వేయడం ఒక్కటే."

క్రొగన్ నవ్వాడు. పళ్లే నవ్వాయి, కళ్లు నవ్వలేదు. "ఒరే నాయనా, నిన్ను ఆ గుంటలోంచి పైకి లాగింది ఎవర్రా? ఆ ఒంటి మీద చొక్కా ఎవరిది? రేపు లీగుకి ఒక్క ఉత్తరం ముక్క రాస్తాను. ఈ కొండల్లో ఏ ఊళ్లోనూ బోను తలుపు నీకు తెరుచుకోదు. సోమవారానికల్లా దీపం టోపీ పెట్టుకుని గనిలో దిగుతావు. దిగుతావా? చెప్పు, దిగుతావా?"

నా చేతిలో సూది ఆగిపోయింది. ఇదే, ఈ మాటే వస్తుందని రెండేళ్లుగా భయపడుతున్నాను. అదోమాస్ నా వైపు చూశాడు. నేను ఊఁ అంటే ఊఁ అంటాడు, అది నాకు తెలుసు. నా కోసం తప్పుతాడు. ఆ తర్వాత జీవితాంతం నా మొహం చూసినప్పుడల్లా తప్పిన ఆ బంతే గుర్తుకొస్తుంది.

"దిగుతాడు," అన్నాను ఇంగ్లీషులో. "మా నాన్న దిగాడు, వాళ్ల నాన్న దిగాడు. గనిలో దిగడం సిగ్గుపడే పని కాదు. మీరు చేయమంటున్నదే సిగ్గుపడే పని."

క్రొగన్ మొహం చూడాలి. బస్తాలో దుంప లేచి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా అయిపోయాడు.

"నువ్వు... నీకు..."

"అర్థమైంది. మొత్తం అర్థమైంది. 'అర్థమై చచ్చింది' కూడా అర్థమైంది."

అదోమాస్ మోకాలి కట్టు నా చేతిలోంచి తీసుకుని, దారం పళ్లతో తెంపి, మోకాలికి బిగించి లేచి నిలబడ్డాడు. "విన్నారుగా. నేను తప్పను."

"అయితే నువ్వు వేయవు," అన్నాడు క్రొగన్. ఇప్పుడు గొంతులో తేనె లేదు. "ఓవెన్! రెండో సగంలో ఫౌళ్లు నువ్వు వేస్తున్నావు. నేను చెప్పింది విన్నావుగా?"

ప్రాసర్ పొయ్యి వైపే చూస్తూ, "విన్నాను," అన్నాడు.

"ఏం చేయాలో తెలుసుగా?"

"తెలుసు."

క్రొగన్ వెళ్లిపోయాడు. నేను ఊరుకోలేకపోయాను. "ఓవెన్, నీకు సిగ్గు లేదూ? పదేళ్ల నుంచి ఈ ఊరి చొక్కా వేసుకుంటున్నావు."

"బార్బోరా, నా మోకాళ్లు చూశావా?" అన్నాడు మెల్లగా. "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎలాగూ తీసేస్తారు. వచ్చే ఏడు తీస్తే నాకో ఏడు కలిసొస్తుంది. ఆరుగురు తినాలి మా ఇంట్లో."

"మాకూ కడుపులున్నాయి," అన్నాను. అదోమాస్ నా భుజం మీద చెయ్యి వేసి, "వదిలెయ్యవే. ఆట ఉంది," అని బయటికి నడిచాడు. కుంటుతూనే నడిచాడు.

నేను నా చోటికి వచ్చి కూర్చున్నాను. వలకు ఆనుకుని మొదటి వరస, పక్కన తెక్లే అత్త. అత్త అంటే చుట్టమేం కాదు, వీధందరికీ అత్తే. డెబ్బై ఏళ్లు, నోట్లో రెండే పళ్లు, టోపీకి జానెడు పొడవు పిన్ను. అవతలి ఊరివాడెవడైనా వల దగ్గరికి వస్తే పిక్క మీద ఒక్క పోటు. అప్పటికే హెల్‌మన్‌ని రెండుసార్లు పొడిచింది.

"ఏమయిందే, మొహం అలా పెట్టావు?"

"ఏమీ లేదత్తా, ఆట చూడు."

తలుపు మూసి గడియ వేశారు. ఆట మొదలైంది. వాళ్లొకటి వేశారు, మేమొకటి వేశాం. బుట్టలో పడిన ప్రతిసారీ బంతి మళ్లీ మధ్యకు రావడం, ఇద్దరు ఎగరడం, మిగతా ఎనిమిది మంది ఒకళ్ల మీద ఒకళ్లు పడడం. ఆ రాత్రి డ్యాన్సు కోసం నేలకు మైనం పూసి పెట్టాడు క్రొగన్. జారినవాడు జారి వలను గుద్దుకుని మళ్లీ లేస్తున్నాడు.

మొదటి ఫౌల్ మాకే వచ్చింది. అలవాటు కొద్దీ జనమంతా "రిమ్కుస్! రిమ్కుస్!" అని అరిచారు. ప్రాసర్ గీత మీదికి వచ్చాడు. వేశాడు. బంతి బుట్ట దాకా కూడా పోలేదు.

"అయ్యో!" అంది తెక్లే అత్త. "ఆ వేల్సువాడెందుకు వేస్తున్నాడే? మనవాడికి చేతులు పడిపోయాయా?"

"చేతులు బాగానే ఉన్నాయి," అన్నాను, పళ్లు కొరుకుతూ.

రెండో ఫౌల్‌కి ప్రాసర్ మళ్లీ గీత మీదికి వచ్చాడు. ఈసారి బంతి బుట్ట మీదుగా పోయి వలను కొట్టుకుంది. మా బుట్టల వెనక చెక్క ఉండేది కాదు, వలకు తగిలిన బంతితో ఆట సాగుతూనే ఉంటుంది. వలకు తగిలి కిందికి వస్తున్న బంతి కోసం అందరికంటే ముందు లేచినవాడు అదోమాస్. ఆ చిరిగిన కాలి మీదే లేచాడు. గాల్లోనే పట్టి గాల్లోంచే వేశాడు. బుట్టలో పడింది. ఒకటి పోవాల్సిన చోట రెండు వచ్చాయి.

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. "వెయ్యరా ఓవెన్! నువ్వు తప్పించు, మావాడు వేస్తాడు!" అని అరిచేశాను.

తెక్లే అత్త నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "ఏంటే అది? తప్పించడమేంటి?"

చెప్పేశాను. క్రొగన్ అన్నది, గోడపత్రాలు, ప్రాసర్, అన్నీ. అత్త విని తన పక్కావిడకు చెప్పింది. ఆవిడ వెనక్కి తిరిగి వాళ్లాయనకు చెప్పింది. మా కెల్లర్‌టన్‌లో గనిలో ప్రమాదం జరిగినా కబురు ఇంత వేగంగా పాకదు. వరస తర్వాత వరస తలలు తిరగడం నాకు కనిపిస్తూనే ఉంది. లిథువేనియా వాళ్లకు తెలిసింది, పోలండు వాళ్లకు తెలిసింది, చివరికి ఐరిష్ వాళ్లకు కూడా తెలిసింది. ఐదు నిమిషాల్లో ఆ హాల్లో తెలియనివాడు అవతలి గోడ దగ్గర వాచీ చూసుకుంటున్న క్రొగన్ ఒక్కడే.

ఇక మూడో ఫౌల్‌కి ప్రాసర్ గీత మీదికి వచ్చేసరికి హాలంతా ఒకటే కూత. "దొంగ! దొంగ!" తప్పించాలని వేశాడో, నిజంగానే తప్పిందో నాకు తెలియదు. తప్పింది. ఈసారి బంతి హెల్‌మన్‌కి దొరికింది, అవతలి బుట్టలో పడింది.

ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. మాకు పంతొమ్మిది, వాళ్లకు పంతొమ్మిది. అదోమాస్ బంతితో వల వెంబడి దూసుకొస్తుంటే హెల్‌మన్ వెనక నుంచి నడుం పట్టి లాగాడు. ఇద్దరూ జారి మా ముందే పడ్డారు. రెఫరీ ఈల వేశాడు. ఫౌల్ మాకే.

ప్రాసర్ బంతి అందుకున్నాడు. గీత దగ్గరికి నడిచాడు. నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోయాడు. అదోమాస్ వాడికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నాకు పది అడుగుల దూరం, ప్రతి మాటా వినిపించింది.

"ఓవెన్, బంతి ఇవ్వు."

"ఇస్తే ఇద్దరం పోతాం రా."

"నువ్వు పోవద్దు. నేను లాక్కున్నానని చెప్పు. నా మీద పెట్టెయ్యి, నేనేమీ అనుకోను."

అదీ మా ఆయన. వాణ్ని దొంగ అనలేదు, పిరికివాడు అనలేదు. నా మీద పెట్టెయ్యి అన్నాడు.

అప్పటికి క్రొగన్‌కి విషయం కనిపించింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి వలను రెండు చేతులతో పట్టుకుని, "ఓవెన్! నువ్వే వెయ్యాలి! నే చెప్పింది..." అని అరిచాడు.

ఇక్కడే క్రొగన్ పప్పులో కాలేశాడు. పదేళ్లుగా బోను నడిపిన మనిషి, బోను రూలే మరిచిపోయాడు. గడియ పడ్డాక బయటివాళ్లు ఆటగాళ్లకు ఒక్క ముక్క చెప్పకూడదు. లోపల చెల్లేది కెప్టెన్ మాట ఒక్కటే, హాలు ఎవరిదైనా సరే.

రెఫరీ గిర్రున తిరిగాడు. "మిస్టర్ క్రొగన్, ఇంకొక్క మాట వినిపిస్తే మీ జట్టు మీదే ఫౌల్ ఇస్తాను."

క్రొగన్ నోరు తెరిచాడు, మూశాడు. తెరిచాడు, మూశాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా, వాడికి వినపడేలా.

రెఫరీ ప్రాసర్ దగ్గరికి వెళ్లాడు. "కెప్టెన్, వేసేదెవరు? పేరు చెప్పు."

లాక్కున్నాడని చెప్పుకునే వీలు అక్కడితో పోయింది. పేరు తన నోటితోనే చెప్పాలి, ఎనిమిది వందల మంది ముందు, క్రొగన్ ముందు. ప్రాసర్ బంతి వైపు చూశాడు. దాని తాడు కుట్టును బొటనవేలితో తడిమాడు. కూతలు ఆగిపోయాయి. డ్యాన్సుకు వాయించడానికి వచ్చి మా పక్కన కూర్చున్న బ్యాండు వాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

"రిమ్కుస్," అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"రిమ్కుస్ వేస్తాడు!" ఆ అరుపుకు వాడి గొంతు పగిలింది. "మా జట్టులో ఫౌళ్లు వేసేది రిమ్కుస్!"

హాలు కూలిపోతుందేమో అనుకున్నాను. తెక్లే అత్త నా మెడ పట్టుకుని ముద్దులు పెడుతోంది, ఆ రెండు పళ్లూ నా చెంపకు గుచ్చుకుంటున్నాయి. నేను మాత్రం కళ్లు మూసుకున్నాను. ఎన్ని వేల సార్లు వేయగా చూశాను! ఆ ఒక్కటీ చూడలేకపోయాను. చెవులతోనే తెలిసింది, ముందు నిశ్శబ్దం, తర్వాత పిడుగు పడ్డట్టు అరుపు.

ఇరవై, పంతొమ్మిది. మధ్యలో ఇంకోసారి ఎగిరారు, బంతి అటూ ఇటూ దొర్లింది, ఆఖరి ఈల పడింది. జెండా మాది.

జనం వల మీదికి ఎగబాకుతున్నారు. క్రొగన్ గడియ తీసి లోపలికి వచ్చాడు. ఆయన్ని చూసి కొంత గోల తగ్గింది. తిన్నగా అదోమాస్ ముందుకెళ్లి చెయ్యి చాపాడు.

"చొక్కా."

అదోమాస్‌కి ముందు అర్థం కాలేదు.

"ఆ చొక్కా నాది. విప్పి ఇచ్చి పో. ఇక ఈ లీగులో నీకు ఆట లేదు. ఓవెన్, నీకూ లేదు."

అంతమంది ఆడవాళ్లు, పాదిరీ గారు, గని గుమాస్తాలు. వాళ్లందరి ముందు విప్పమన్నాడు. తలవంచుకుని వెళ్లిపోతాడనుకున్నాడు. అదోమాస్ తాపీగా చొక్కా తల మీదుగా తీశాడు. వీపు నిండా నీలి మచ్చలు, బొగ్గు చీరిన చోటల్లా చర్మంలో ఉండిపోయిన మచ్చలు. ఆ హాల్లో సగం మంది వీపుల మీద అవే ఉన్నాయి. చొక్కా క్రొగన్ భుజం మీద వేసి, మొదటిసారి మిస్టర్ తగిలించకుండా పిలిచాడు.

"క్రొగన్, చొక్కా నీదే, తీసుకో. హాలు నీదే, ఉంచుకో. ఆట నీది కాదు. నీ బోను తలుపు తెరవకపోతే మా బోను మేం కట్టుకుంటాం."

"దేంతో కడతావు? చేపల వలతోనా?" క్రొగన్ పగలబడి నవ్వాడు. "కట్టుకుని ఎవరితో ఆడతావు? నీ పెళ్లాంతోనా?"

"మాతో," అన్నాడు వెనక నుంచి ఒకడు.

హెల్‌మన్. మోకాలి మీద చెయ్యి ఆన్చుకుని, ఇంకా రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఇందాకటి నుంచి జనం నోటివెంట వాడి చెవిలోనూ పడ్డట్టుంది. "నాకు ఎవడి సాయమూ అక్కర్లేదు క్రొగన్. ఇతన్ని నేను నా అంతట నేను ఓడించాలి. ఎక్కడ ఆడదాం రిమ్కుస్? ఎప్పుడు?"

"వాడితో ఆడినవాడు కూడా లీగులోంచి పోతాడు!" క్రొగన్ గొంతు కీచుమంది.

హెల్‌మన్ తనవాళ్ల వైపు తిరిగాడు. ఒకడు భుజాలు ఎగరేశాడు, ఒకడు తల ఊపాడు. "తారీకు చెప్పు," అన్నాడు మళ్లీ.

అదోమాస్ వల దగ్గరికి వచ్చి నా వైపు చూశాడు. ఒంటి మీద చొక్కా లేదు, మోకాలి నుంచి రక్తం కారుతోంది, మొహం మాత్రం పెళ్లినాడు ఉన్నట్టు ఉంది. "బార్బే, ఎప్పుడు?"

నన్నడిగాడు! హాలు లేదు, బంతి లేదు, వల లేదు, ఐదుగురిలో ఇద్దరే ఉన్నారు, వాళ్లలో ఒకడి మోకాళ్లు మూలుగుతున్నాయి. బుద్ధున్న ఆడది అయితే ఏదో గొణిగి తప్పించుకునేది.

"పదిహేనో తారీకు, సోమవారం!" అని అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అరిచాను. "మా లిథువేనియా సంఘం హాల్లో!"

మళ్లీ పిడుగు పడ్డట్టు అరుపు. క్రొగన్ చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను టోపీ సర్దుకుని కోటు గుండీలు పెట్టుకోసాగాను.

తెక్లే అత్త నా చెవి దగ్గరికి వంగింది. "ఏమే, సంఘం హాలు తాళం మీ నాన్న దగ్గర కదే ఉంది."

"తెలుసు అత్తా."

"సగం లాగులు తొడుక్కుని బంతి వెంట పరిగెత్తేవాణ్ని చేసుకున్నావని, ఆయన నీతో మాట్లాడి రెండేళ్లయింది కదే."

"అదీ తెలుసు."

"మరి ఎక్కడికే బయల్దేరావు?"

"నాన్న ఇంటికి."

"తలుపు తీయకపోతే?"

"తీసేదాకా కొడతాను," అన్నాను.